బొంగురు గిటారుకు మెట్లు పీకిన వేళ

మా చిన్నప్పుడు... తాండూరులో మా ఇంట్లో గోడకు ఆనించి ఒక పెద్ద గిటారు ఉండేది. మనిషెత్తు పొడవు, బస్తా అంత లావు! మా నాయిన వడ్రంగి. సికింద్రాబాదులో ఎవరి పెళ్ళిలోనో బ్యాండువాళ్ళ దగ్గర అలాంటిది దూరం నుంచి చూసి వచ్చి, మామిడి చెక్కతో తనే చేసేశాడు. దాన్ని బేస్ గిటార్ అంటారని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. మేమైతే బొంగురు గిటారు అనేవాళ్ళం.

దానికి తీగలు ఎక్కడివనుకున్నారు? మా పక్కింటి దూదేకుల చిచ్చా పత్తి ఏకే వింటికి కట్టే నరం! నాలుగు నరాలు బిగించి మీటితే నేల అదిరేది. ఆదివారం చర్చిలో నాయిన దాన్ని వాయిస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో...

కానీ ఒక చిక్కు. వట్టి తీగ మీటితే బంగారం. మెడ మీద అడ్డంగా బిగించిన మెట్ల మీద వేలితో నొక్కితే మాత్రం పాట ఒక దారి, గిటారు ఒక దారి. మా వాళ్ళంతా అలవాటు పడిపోయి, గిటారంటే అలాగే మోగుతుంది కాబోలు అనుకున్నారు.

అవి అరవైల మొదటి రోజులు. వికారాబాదులో చర్చివాళ్ళ కోత పండుగకు చుట్టుపక్కల ఊళ్ళ పాటల జట్లన్నీ వచ్చేవి. ఒక ఏడు మేమూ వెళ్ళాం. అక్కడ హార్మోనియం వాయించే సారు మా పాట మధ్యలోనే ఆపించి, "గా పెట్టెను పొయిల వెట్టుకోరాదయ్యా, రెండు పూటలు వంటయితది" అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. నాయిన గిటారును దుప్పట్లో చుట్టుకుని రైలెక్కాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మళ్ళీ ఏడు పండుగ దగ్గర పడింది. ఇంట్లో గిటారు పంచాయితీ మొదలైంది.

"మెడ కోసి ఇయ్యి, కందులు పోసుకుంట" అని అమ్మ.

"ఉన్నది ఉన్నట్టు ఉండనియ్యి. ఎవలు ముట్టొద్దు" అని నాయిన.

ముట్టవద్దంటే ఊరుకునే రకాన్ని కాదు నేను. అప్పటికి పదమూడేళ్ళు... చెవులు మాత్రం పాము చెవులు. నాయిన పనికి పోగానే, నున్నటి నాపరాయి ముక్క ఒకటి తీగ మీద ఆనించి, పాట పాడుకుంటూ మెల్లగా జరిపాను. స్వరం కలిసిన చోటల్లా బొగ్గుతో గీత పెట్టాను. చూస్తే... నా గీతలకూ నాయిన బిగించిన ఇత్తడి మెట్లకూ పొంతనే లేదు! నా గీతలు పైన ఎడంగా, కిందికి పోయేకొద్దీ దగ్గర దగ్గరగా పడ్డాయి. నాయిన మెట్లన్నీ రెండేసి వేళ్ళ ఎడం.

సాయంత్రం అడిగితే, "హార్మోనియం రీడ్లు అన్ని ఒక్క తీరుంటయి కద బిడ్డా... గదే లెక్కల వెట్టిన" అన్నాడు.

చెక్కపనిలో వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి... హార్మోనియం చూసి గిటారుకు మెట్లు వేశాడు!

"అన్ని పీకేద్దాం నాయినా. రాయి జారినట్టు వేలు జారితె సాలు, మెట్లు లేకుంటెనే మంచిగ మోగుతది" అన్నాను.

నాయిన ముఖం మాడిపోయింది. "పీకితె మెడ పెచ్చులు లేస్తది. ఉన్నది గూడ పోతది."

ఆ మాట నిజమే. ఉన్నది ఒక్కటే గిటారు. నా మాట విని అది పాడైతే నాయిన మళ్ళీ జన్మలో వాయించడు. రెండు రోజులు నేను గిటారు వైపే పోలేదు.

మూడో రోజు చిచ్చా వచ్చి అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "అరే భాయ్, నా వింటికి మెట్లున్నయా? నరానికి చెయ్యి తెలిస్తె సాలు. గింత పరేషాన్ ఎందుకు? పిల్ల చెవి మీద జర భరోసా వెట్టు" అన్నాడు.

నాయిన చాలాసేపు గిటారు మెడ నిమిరాడు. తర్వాత లేచి పట్టకారు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మొదటిది నువ్వే పీకు."

పట్టకారుతో పట్టి పీకాను. మిగతావి నాయిన పీకాడు. పెచ్చులు లేవనే లేచాయి. ఆ గాట్లలో లక్క కరిగించి పోసి, గాజుపెంకుతో గీకి, నూనె రాస్తే మెడ నున్నగా తేలింది. స్వరాలెక్కడున్నాయో తెలిసింది నాకే కాబట్టి, ఈసారి వాయించేది కూడా నేనే అని తేల్చేశాడు.

వికారాబాదులో నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. గిటారును చూడగానే వెనక వరసలో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. నేను కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. పాట ఎటు వంగితే నా వేలు అటు జారింది... గిటారు మనిషిలా పాడింది! కిసుక్కుమన్న ఆడవాళ్ళే గొంతు కలిపారు. సారు హార్మోనియం మీద చెయ్యి తీసేసి వింటూ ఉండిపోయాడు. అదే పాట మూడుసార్లు పాడించుకున్నారు మా చేత!

చివరికి సారే లేచి వచ్చాడు. "ఏమయ్యా, మెట్లేవి? ఎవలు చెప్పిన్రు గీ ఉపాయం?"

నాయిన నిండు సభలో అందరికీ వినపడేలా అన్నాడు. "కట్టె పని నాది సారు. తప్పు గూడ నాదే. దిద్దింది మా బిడ్డ."

ఆ రోజుల్లో ఒక తండ్రి తన పనితనంలో తప్పుందని నలుగురిలో ఒప్పుకోవడం, దాన్ని ఆడపిల్ల దిద్దిందని చెప్పడం... నేల మీద కాలు నిలవలేదు నాకు.

ఇప్పుడు శ్రుతి తప్పితే మా మనవరాలికి ఫోనే చెప్పేస్తుంది. మంచిదే. కానీ ఫోను తప్పు చూపిస్తే సరిచేసుకుంటున్నాం గానీ, ఇంట్లో పిల్ల చూపిస్తే మాత్రం మనకు కోపం వస్తోంది... మీ ఇంట్లో పిల్లల ముందు "తప్పు నాదే" అన్న పెద్దలెవరైనా ఉంటే ఇక్కడ చెప్పండి. మా నాయినకు జతగాళ్ళు ఎందరున్నారో చూడాలని ఉంది.