జాంగీర్ మామ కొర్రమట్టల జాగ

మా చిన్నప్పుడు... ఇబ్రహీంపట్నం పెద్దచెరువు మత్తడి దుంకిన రోజు, పొద్దున గాలం పట్టుకుని బయల్దేరిన మా బాపు మధ్యాహ్నం దాటినా ఇంటికి రాలేదు. ఎక్కడికి వెళ్లాడో మాకెవరికీ తెలియదు.

తెలియకపోవడానికి కారణం ఉంది. చేపలకు పోయేవాణ్ని మా ఇంట్లో 'యాడికి' అని అడగకూడదు. అడిగితే ఆ రోజు గాలానికి ఏమీ పడదు. చేపకు వినబడుతుందనేవాడు బాపు. ఒకసారి చుట్టంచూపుగా వచ్చిన మేనత్త తెలియక అడిగింది. బాపు చెప్పులు విప్పి, ఆ రోజంతా అరుగు మీదే కూర్చున్నాడు.

అమ్మ ఎప్పుడూ అడిగేది కాదు. జొన్నరొట్టె మూట కట్టిచ్చేటప్పుడు ఎర వైపు ఒక చూపు చూసేది... ఎర్రలైతే చిన్న చేపలకు, పిండిముద్దలైతే బొచ్చెలకు. ఆ పొద్దున డబ్బాలో చిన్న కప్పలున్నాయి. అంటే కొర్రమట్టలకు.

వాన ముందురోజు నుంచీ తెరిపి ఇవ్వలేదు. చెరువు నిండి మత్తడి మీదుగా పొర్లుతుంటే చూడడానికి ఊరంతా కట్ట మీదికి పోయింది. అమ్మ వాకిట్లోకి వస్తుంది, లోపలికి పోతుంది... మళ్లీ వస్తుంది. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చినా దింపలేదు. చివరికి పక్కింటి జాంగీర్ మామను పిలిచింది.

జాంగీర్ మామ ఎడ్ల కాళ్లకు నాడాలు కొట్టేవాడు. బాపుకు జిగ్రీ దోస్తు. అమ్మ ఆయన్ను అన్నా అనేది కాబట్టి, బాపూ ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. చేపల దగ్గర మాత్రం ఇద్దరూ దొంగలే. ఒకరి జాగ ఒకరికి చెప్పరు. ఊళ్లో ఎవరికీ దొరకనంత పెద్ద కొర్రమట్టలు మామ సంచిలో వచ్చేవి. ఎక్కడివంటే, సంతలో కొన్నానని అబద్ధమాడేవాడు.

నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద ఎక్కించుకున్నాడు. పిల్లల గొంతు దూరం పోతుందట... కేకలేయడానికి నేను కావాలి.

బాపు చేపలు పట్టే చోట్లన్నీ ఆయనకు తెలుసని ఆ రోజే నాకు అర్థమైంది. శేరిగూడ వైపు కుంట... చెరువు తూము కింది కాలువ... కందుకూరు దారిలో రాళ్ల మధ్య నీళ్లు నిలిచే గుంత. ఒక్కో చోట ఆగడం, నేను 'బాపూ' అని అరవడం, చెవి పెట్టి వినడం, మళ్లీ సైకిలెక్కడం. కుంట దగ్గర గొర్లు కాసేవాళ్లు చూడలేదన్నారు. కాలువలో వల వేస్తున్నవాళ్లు పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నామన్నారు.

మొదట్లో మామ దారంతా బాపును తిట్టాడు. తర్వాత తిట్టడం మానేశాడు. నాకు భయం పట్టుకున్నది అప్పుడే.

ఈలోపు ఇంటికి వచ్చి ఉంటాడేమోనని తిరిగొచ్చాం. రాలేదు. అమ్మ గడపలోనే నిలబడి అడిగింది.

"అన్నా, కప్పలు పట్టుకపోయిండు. నువ్వు కొర్రమట్టలు పట్టే జాగ ఉంటది గదా... గాడ చూసినవా?"

"గా జాగ నీ పెనిమిటికి ఎర్కలేదు చెల్లె. ఎవ్వనికి ఎర్కలేదు."

"చూసినవా, లేదా?"

మామ నన్ను మళ్లీ కడ్డీ మీద ఎక్కించుకున్నాడు. సైకిల్ తిప్పాడు.

ఆ జాగ మత్తడి వాగు పక్కన, ఈతవనం వెనక. అక్కడ పాత మోటబావి ఒకటి కూలి మడుగైంది. మడుగు మధ్యలో ఒక బండ. మామూలు రోజుల్లో మోకాలి లోతు నీళ్లు దాటితే బండ ఎక్కొచ్చు. మేం వెళ్లేసరికి వాగు పొంగి మడుగును కలిపేసుకుంది. సగం మునిగిన బండ మీద బాపు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఎర్రనీళ్లు.

మామ ఈతవనంలోకి పరుగెత్తాడు. కల్లు గీసేవాళ్లు తాము చెట్టెక్కే మోకుతాళ్లు తెచ్చి ఒకదానికొకటి ముడేశారు. ఒక కొస ఈతచెట్టుకు కట్టి రెండో కొస విసిరారు. అందలేదు. మళ్లీ విసిరితే నీళ్లు లాక్కుపోయాయి. ఆ తర్వాతిది బాపు పట్టుకుని, నడుముకు చుట్టుకుని దిగాడు. కాసేపు తల కనిపించలేదు... అందరూ కలిసి లాగారు.

ఒడ్డున పడి బాపు నీళ్లు కక్కుకున్నాడు. మామ పక్కనే కూలబడ్డాడు. ఆయన మొదట అన్న మాట ఇది.

"నా జాగ నీకెవ్వడు చెప్పిండు?"

"నీ బీడీ ముక్కలు చెప్పినయ్ బావా. మస్తు రోజులాయె."

మామ నవ్వలేదు. "చెప్పి సావొద్దా? అన్ని జాగలు తిరిగిన. ఈడికొక్కటే రాలే."

నీళ్లు తగ్గాక బాపు మళ్లీ గాలం తీసిన పొద్దున, అమ్మ గడపకు అడ్డంగా నిలబడి "యాడికి?" అంది. బాపు చెప్పులు విప్పబోయి ఆగాడు. తర్వాత చెప్పాడు. ఆ రోజు నుంచి అమ్మ ప్రతిసారీ అడిగింది. చేపలు తగ్గాయా అంటే... మేం చూసినంతలో తగ్గలేదు.

మామ జాగను ఇంత వివరంగా రాసినా ఇప్పుడు ఆయనకు పోయేదేమీ లేదు. ఈతవనం కొట్టేశారు. మడుగు పూడ్చి హద్దురాళ్లు పాతారు. మన్నెగూడ దగ్గర మొదలైన ప్లాట్లు అక్కడిదాకా వచ్చాయి. పెద్దచెరువు ఏళ్ల తరబడి ఎండి మళ్లీ నిండింది గానీ, దాని చుట్టూ ఉన్న చిన్న చిన్న నీళ్లు తిరిగి రాలేదు... మీ ఊళ్లోనూ ఎవరూ ఎవరికీ చెప్పని చేపల జాగలు ఉండే ఉంటాయి. అవి ఇప్పుడు లేకపోతే, ఈ పోస్టు కింద చెప్పండి.

ఉన్నవాటి సంగతి వేరు. బాపూ, జాంగీర్ మామా కలిసి ఎక్కడో కొత్త జాగ చూశారు. ఎక్కడని అమ్మను అడిగితే, "నువ్వు ఫోన్ల రాస్తవ్" అని దాటేసింది. వానలున్నాయంటున్నారు. అయినా ఆదివారం పొద్దున ఇద్దరూ బయల్దేరతారు... యాడికో అమ్మకు తెలుసు.