సంతకానికి ముందు వేలు

యుద్ధవిమానాల మహాగాథ చెబుదామని కూర్చున్నాను. తీరా చూస్తే ఇది జేబులో పట్టే టార్చి కథ.

మెల్‌బోర్న్‌లో విమానాల రెక్కలు బాగుచేసే మా షెడ్డులో ఇన్‌స్పెక్టర్ ఒక గుంటూరు అంకుల్. అంతకుముందు బ్రిటన్‌లో యుద్ధవిమానాల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లు చేశారు. పని ముగిశాక ప్రతి పనిముట్టునూ వేలితో తాకి లెక్కపెట్టాకే సంతకం పెట్టేవారు. ఇంట్లో గరిటెలకూ ఇదే మర్యాదని ఆంటీ విసుక్కునేవారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, రెక్క మూసేశాక, నేను వాడిన టార్చి కనబడలేదు. మళ్లీ విప్పాలంటే అరవై స్క్రూలు.

“ఫ్రైడే ఆర్వో కదా అంకుల్!” అన్నాను, మధ్యాహ్నానికి ఇక్కడివాళ్లు వాడే మాటలో. “ ఎక్కడో పడుంటుంది, సైన్ చేసెయ్యండి.”

“బ్రిటన్‌లో ఒకసారి అట్టాగే చేశాన్రా. స్పానర్ దొరక్కుండానే.”

“విమానం కూలిపోయిందా?”

“లేదు. క్షేమంగా దిగింది. పైలట్ వచ్చి, సంగతి తెలీక, నాకు థాంక్స్ చెప్పాడు.”

ఆ మాట చెప్పి అలసటగా స్టూలు మీద కూలబడ్డారు. స్క్రూలు విప్పాను.

టార్చి రెక్క లోపలే ఉంది, ఇంకా వెలుగుతూ. అంకుల్ దాన్ని వేలితో తాకి, సంతకం పెట్టారు.

ఆ టార్చి ఇంకా నా జేబులోనే ఉంది; దానికి రెండు సన్న బ్యాటరీలు పడతాయి.