గుమ్మానికి అడ్డం పెట్టిన బల్ల

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నన్ను ఒక ఆన్‌లైన్ ఆటకు గేమ్ మాస్టర్‌గా వేశారు. ఆఫీసు నగరం ఆ చివర, ఇల్లు పాతబస్తీ మొఘల్‌పురాలో. ఆటేమో అమెరికా వాళ్లది: పాతకాలపు పడమటి ఊళ్లు, గుర్రాలు, తుపాకులు. దేశదేశాల వాళ్లు ఒకేసారి అందులో చేరి తలా ఒక పాత్రగా బతికేవారు. గేమ్ మాస్టర్ అంటే ఆ ఊళ్లకు పోలీసూ, మున్సిపాలిటీ కూడా. మేము ఏ దేశంలో కూర్చున్నామో ఆటగాళ్లకు తెలియకూడదు. ఇంగ్లీషు తప్ప మరో భాష టైపు చేయకూడదు.

ఒక మధ్యాహ్నం ఫిర్యాదు వచ్చింది. ఒక ఊళ్లో కిరాణా దుకాణదారు పలకరించినా పలకడు, తన బదులు పాత్రను నడిపే ప్రోగ్రాము పెట్టి వెళ్లిపోతున్నాడని. యజమాని ఆటలో ఉంటేనే దుకాణం నడుస్తుంది కాబట్టి కొందరు ఆ మోసం చేసేవారు. దొరికితే పాత్రనే చెరిపేస్తాం, మళ్లీ తిరిగి రాదు. ఇతనేమో ఒక్క కంచరగాడిదతో ఆ ఊరికి వచ్చి, ఏళ్లు కష్టపడి దుకాణం పెట్టినవాడు.

పద్ధతి ప్రకారం పాత్ర ఎదుట నిలబడి మూడుసార్లు పిలవాలి. జవాబు లేకపోతే ఖాతా మూసేయాలి. వెళ్లి చూశాను. మనిషి గల్లా వెనుక బొమ్మలా ఉన్నాడు. గుమ్మానికి అడ్డంగా ఒక బల్ల ఉంది. తుపాకులు వేలాడేసుకున్న వాళ్లు కూడా దాన్ని చూసి పక్కకు పోతున్నారు. నాకు నవ్వొచ్చింది. చిన్నప్పటి నుంచి మా ఇంటి దగ్గరి పత్తర్‌గట్టి బజారులో చూస్తున్నదే. చాయ్‌కో నమాజుకో వెళ్లేవాళ్లు షట్టర్ దించరు, గుమ్మానికి అడ్డంగా స్టూలో కర్రో పెట్టి పోతారు. ఇప్పుడే వస్తానని అర్థం. ఎవరూ దాటరు.

బయటే నిలబడి మూడుసార్లు పిలిచాను. పలకలేదు.

వయసులో నాకన్నా చిన్నదైన మా టీమ్ లీడర్ సుజాత నా స్క్రీన్ చూస్తోంది. "ఏంది సార్, మూడుసార్లు పిలిచిన్రు గదా. క్లోజ్ చేయండి."

ఎదుట నిలబడి పిలవలేదు కాబట్టి ఈ పిలుపులు చెల్లవన్నాను.

"అయితే లోపలికి పోండి. గేమ్ మాస్టర్‌కు గోడలే అడ్డం కావు, బల్ల అడ్డమొచ్చిందా?"

"మా పత్తర్‌గట్టిల బల్ల పెడితే ఎవ్వరు దాటరు, నేనెట్ల పోతనమ్మా? వస్తడు."

"గిది మీ పత్తర్‌గట్టి కాదు సార్. నేను టీ తాగొచ్చేలోపు రాకుంటే నేనే మూసేస్త."

పలకరించేవాళ్లకు జవాబిచ్చే ప్రోగ్రాము ఎవరైనా రాయగలరు. పోతూ బల్ల పెట్టాలని ప్రోగ్రాముకు తోచదు. అది నాకు తెలుసు, ఆమెకు చెప్పి ఒప్పించలేను. మొహం తెలియని మనిషి కోసం ఆ బల్ల వైపే చూస్తూ కూర్చున్నాను. రావయ్యా బాబూ, అని గొణుక్కున్నాను.

సుజాత వచ్చి మౌస్ అందుకుంది. అప్పుడు బల్ల జరిగింది. ఆట బయట, ఉస్మాన్‌గంజ్‌లో నా అసలు దుకాణానికి గిరాకీ వచ్చింది, మిర్చి బస్తాలు తూకం వేయించి వచ్చాను, క్షమించండి అని దుకాణదారు ఇంగ్లీషులో రాశాడు. ఆ కిందే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు: "ఈ ఊరోళ్లకు బల్ల దాటొద్దని నేనే నేర్పిన. మస్తు రోజులు పట్టింది. నువ్వు ఇయాల్నే వచ్చినవ్, నీకెవ్వరు చెప్పలే, అయినా బయటనే నిలబడ్డవ్. మనూరోడివేనా అన్నా?"

సుజాత మౌస్ వదిలేసి నా వైపు చూసింది. ఫిర్యాదు నిజం కాదని తేలింది, సహకరించినందుకు ధన్యవాదాలు అని ఇంగ్లీషులో టైపు చేశాను. రోజూ ఉస్మాన్‌గంజ్ మీదుగానే ఇంటికి వెళ్లినా ఆ దుకాణం ఏదో వెతకలేదు. నియమం నియమమే.

తర్వాత కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పేవాణ్ణి. మనిషి పలకలేదని ఖాతా మూసే ముందు, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఏం పెట్టి పోయాడో చూడండి అని.