మరియమ్మకు నడుము వాల్చే చోటు

దేవరకొండలో ఉండే మా పెద్దమ్మకు ఒక అలవాటుండేది. క్రిస్మస్‌కు చర్చిలో కట్టే పశువుల పాకలో మరియమ్మ బొమ్మ మోకాళ్ల మీద ఉంటుంది. పెద్దమ్మ దాన్ని గడ్డిలో పడుకోబెట్టి, తన దస్తీ కప్పేది. చలికాలమంతా మెడకు ఎర్ర మఫ్లర్ చుట్టుకుని తిరిగే పాస్టరుగారు వచ్చి లేపి కూర్చోబెట్టేవారు. ఆరాధన ముగిసేసరికి మరియమ్మ మళ్లీ పడుకునేది.

ఒకసారి ఆయన విసుక్కున్నారు. "గిట్ల జేస్తె ఎట్లమ్మా? ఆమె దేవునికి మొక్కుతున్నది గదా."

"రేపు మొక్కుతది తీయుండ్రి అయ్యగారు. ఇయ్యాల్నే కన్నది, జర నడుము వాల్చనీయుండ్రి."

నా మొదటి కాన్పప్పుడు దవాఖానకు వచ్చినవాళ్లంతా ఉయ్యాల చుట్టూ మూగారు. పెద్దమ్మ మాత్రం నేరుగా నా మంచం దగ్గరికి వచ్చి, కాళ్లు ఒత్తుతూ, "తిన్నవా బిడ్డా?" అని అడిగింది. క్రిస్మస్ కథలో ఒక బాలింత కూడా ఉందని నాకప్పుడు తెలిసింది.

పెద్దమ్మ పోయాక వచ్చిన క్రిస్మస్‌కు నేనే దస్తీ పట్టుకుని చర్చికి వెళ్లాను. మరియమ్మ అప్పటికే గడ్డిలో పడుకుని ఉంది. మీద ఎర్ర మఫ్లర్ కప్పి ఉంది.