మంచె మీద నేర్చిన మూడో మాట

నా చిన్నప్పుడు ఆడపిల్లకు కోపం ఉండకూడదనేవారు మా ఊళ్లో. నాకు మాత్రం అది ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డా అక్కడే ఉంది. దానికి కారణం ఒక ఇంగ్లీషు పాఠం, ఆ పాఠాన్ని నాకు సరిగ్గా చెప్పిన పక్కింటి అక్క.

ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి ఊళ్లు లేచిన ఏడాది అది. తొర్రూరు దగ్గరి మా పల్లె నుంచి పొరుగూరి బడికి నడిచి వెళ్లేదాన్ని. ఇంగ్లీషు చెప్పే సారు కోస్తా వైపు నుంచి వచ్చినాయన. ఒకరోజు వాచకంలో బొమ్మ చూపించి, అందులోని మనిషి ఏం చేస్తున్నాడో చెప్పమన్నాడు. బొమ్మలో రైతు పంటకు కాపలా ఉన్నాడు. నేను లేచి, 'హి ఈజ్ సీయింగ్ ది ఫీల్డ్' అన్నాను. తప్పే. ఒప్పు ఏదో చెబితే అయిపోయేది. ఆయన ఆ పని చేయలేదు, అదే తెలుగులో చెప్పమన్నాడు. "చేను సూస్తున్నడు సార్" అన్నాను. పకపకా నవ్వి, మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. ఆయన్ని చూసి తరగతంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లందరూ ఇళ్లకు వెళ్లి మాట్లాడేది నా మాటే! అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"తెలుగే రానివాళ్లకి ఇంగ్లీషెందుకమ్మా? వెళ్లి పిట్టల్ని తోలుకో" అన్నాడు.

ఇంటికొచ్చి పుస్తకాల సంచి మూలకు విసిరేసి, ఇక బడికి పోనన్నాను. మా బాపు బతిమాలలేదు. యాసంగి జొన్న పాలు పోసుకునే రోజులు, కంకుల మీద పిట్టలు వాలుతున్నాయి, కావలికి మనిషి కావాలి. "మంచిదే తియ్యి, రేపటి సంది చేనుకు పో" అన్నాడు. మా ఊళ్లో ఒకసారి బడి మానిన ఆడపిల్ల మళ్లీ వెళ్లడం నేనెన్నడూ చూడలేదు. అది తెలిసే మానేశాను, అంత కోపం.

పక్కింటి అక్క వరంగల్‌లో కాలేజీ చదివేది. ఊరేగింపులు, లాఠీలు మొదలై కాలేజీలు మూతబడితే ఇంటికి వచ్చింది. ముంజేతి మీద దెబ్బ నల్లగా కమిలి ఉంది. నేను మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్లు విసురుతుంటే తనూ ఎక్కి కూర్చుంది. జరిగింది చెప్పాను. అయ్యో అనలేదు. సారును ఒక్క తిట్టు తిట్టలేదు. దాంతో తన మీద కూడా కోపం వచ్చింది.

చేనులో ఏం కనబడుతోందని అడిగింది. పిట్టలన్నాను. నువ్వు వెతక్కుండానే కళ్లల్లో పడ్డాయి కదా, అది 'సీ' అంది. దూరంగా తుమ్మచెట్టు దిక్కు చూడమంది. చూశాను. ఇప్పుడు నువ్వే కన్ను తిప్పావు, అది 'లుక్' అంది. మనకు అన్నీ చూడడమే, ఇంగ్లీషువాళ్లు విడదీశారు, అంతే. మూడోది 'వాచ్', మీ వాచకంలో రైతు చేసే కావలి, అది చెబితే రాదంది. ఆ చెట్టు మీద చిలుకలు వాలతాయి, నేను వచ్చేదాకా దాన్నే చూస్తుండు అని మంచె దిగి ఇంటి దారి పట్టింది.

కళ్లు మండేదాకా చూశాను. ఒక్క చిలుకా రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చాక అక్క వచ్చి మంచె కింద నిలబడింది. ఒడి నిండా జొన్న కంకులు. మా చేనువే! చుట్టూ తిరిగి, నా వెనక నుంచి చేనులో దూరి తెంపుకొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. చెట్టును చూడమన్నది నువ్వే కదా అని అరిచాను.

"నేనే అన్న. అంటె చేను ఇడిశిపెట్టి చెట్టునే సూస్తవా? చేను నాదా, నీదా?" అంది. కమిలిన ముంజేతిని నాకు చూపించింది. "మనోళ్లు గూడ గిట్లనే మోసపోయిండ్రు చెల్లె. ఆంధ్రల కలిపిననాడు మీ కొలువులు మీకే అని రాసిచ్చిండ్రు. మనం గా కాయితం దిక్కు సూసుకుంట కూసున్నం. ఎనుక నుంచి కంకులు పోయినయ్. కావలి కాసుడంటె గిది కాదు."

కంకులు నా ఒడిలో పోసి, మరి బడి ఎవరి చేను అని అడిగింది. "సారు పొమ్మన్నడని మంచె దిగొస్తివి."

కోపానికి ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం బాపుతో అక్కే మాట్లాడింది. కాలేజీ తెరిచేదాకా పగలంతా మా మంచె మీద తను కూర్చుంటానంది. కూర్చుంది కూడా, కమిలిన చేత్తోనే వడిసెల తిప్పుతూ.

మర్నాడు నేను ముందు బల్ల మీద కూర్చున్నాను. పిట్టలు అయిపోయాయా అన్నాడు సారు. మళ్లీ నవ్వారు. ఆ ఏడాదంతా నవ్వుతూనే ఉన్నారు. ఆ ఏడాదంతా నేను అక్కడే కూర్చున్నాను.

ఆయన్ని ఈనాటికీ క్షమించలేదు. పోనీలే, పాత సంగతి కదా అనేవాళ్లంటే ఇంకా మంట. ఎన్నో ఏళ్లకు రాష్ట్రం వచ్చిన రోజు మా వీధంతా రంగులు చల్లుకున్నారు. నేనూ ఏడ్చాను, మిఠాయి తిన్నాను. ఇప్పుడన్నా నీ కోపం తగ్గిందా అవ్వా అని మనవరాలు అడిగింది. నా కళ్ల ముందు అక్క ఒడిలోని కంకులు మెదిలాయి. చేను మనదైందని పిట్టలు రావడం మానేస్తాయా? కొలువుల కోసం పిల్లలు రోడ్డెక్కారని విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది, ఎవరు ఏలుతున్నా సరే. ఆ మంటను ఆరనివ్వను. నేనింకా మంచె దిగలేదు.