ఎమ్మిగనూరు దారిలో ఆగిపోయిన హీటరు ఫ్యాను

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు గంట ప్రయాణం. బస్సులకు కొదవ లేదు. ఆ రోజు నాకు మాత్రం పొద్దంతా పట్టింది. వానాకాలంలో పాత బండితో ఆ దారిన పోయేవాళ్లకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మాది పరుపులు కుట్టే ఇల్లు. దూది ఏకి నింపేది మా ఆయన, గలీబులు కుట్టేది నేను. సరుకు చేరవేసే పాత పికప్పు కూడా ఆయనే నడిపేవాడు. మిద్దె మీద నుంచి జారి ఆయన భుజం విరగ్గొట్టుకున్నాక నేను లైసెన్సు తీసుకున్నాను. అప్పటిదాకా ఊళ్లోనే తిప్పాను. పెద్ద రోడ్డెక్కడం ఇదే మొదలు. ఎమ్మిగనూరులో ఈరన్న అనే నేతగాడి కూతురి పెళ్లి. సాయంత్రం మగపెళ్లివాళ్లు దిగేసరికి పరుపులూ దిండ్లూ అక్కడ ఉండాలి.

"ఒక్కదానివే పోవద్దు, నేనూ వస్తా" అని మా అత్త దస్తగిరమ్మ ముందుగానే ఎక్కి కూర్చుంది. మా ఆయన ఒంటిచేత్తో టార్పాలిను బిగించి కిటికీ దగ్గరికి వచ్చాడు. "అద్దం మసకైతే హీటరు ఫ్యాను వెయ్యి. అద్దానికి వెచ్చగాలి తగిలితే తేటపడతాది."

ఏడున్నరకు బయలుదేరాం. పత్తి మిల్లులు దాటేసరికి వాన అందుకుంది. కిటికీలు మూయగానే లోపల అద్దమంతా ఆవిరి పట్టింది. ఫ్యాను వేశాను. అది ఒకసారి మూలిగి ఆగిపోయింది. అత్త కొంగుతో తుడుస్తూ ఉంటే నేను ముందుకు వంగి నడిపాను. అలా చాలా దూరం పోయాక ఒక్కసారిగా బానెట్టు మీద కర్ర దెబ్బ. బ్రేకు తొక్కాను. బండి ముందర రోడ్డంతా గొర్రెలు.

"కండ్లు యాడ పెట్టుకోని నడుపుతాండావు తల్లీ?" అన్నాడు కాపరి. ఒక్క గొర్రెకూ తగల్లేదు. మంద దాటేదాకా ఆగి, మెల్లగా బండి కదిలించాను.

కోటేకల్లు దగ్గర ఒక టీ అంగడి రేకుల కిందికి బండి ముక్కు దూర్చి ఆపాను. అక్కడ టీ తాగుతున్న లారీ డ్రైవరు, "పొగాకు తడిపి అద్దానికి రుద్దక్కా" అని ఒక కాడ ఇచ్చాడు. రుద్దాను. కాసేపు తేటగా ఉండి మళ్లీ మసకేసింది.

మా ఆయనకు ఫోను చేశాను. వేరే బండి చూస్తానన్నాడు. వానలో పరుపులు ఒక బండి నుంచి ఇంకో బండికి మారిస్తే తడవకుండా ఉంటాయా? "ఒకసారి ఇప్పి సూస్తా" అన్నాను. ఎట్లా విప్పాలో ఆయనే చెప్పాడు. "ఎడం పక్క డ్యాష్‌బోర్డు కింద ఉంటాది. ముందు బ్యాటరీ తీగ పీకు" అన్నాడు.

అత్తను దించి, ఆమె కాళ్లు పెట్టుకునే చోట వెల్లకిలా పడుకుని స్క్రూలు విప్పాను. ఫ్యాను చేతిలోకి వచ్చింది. దాని రెక్కల నిండా దూది. ఏళ్ల తరబడి మా పరుపుల దూదే గాలితో పోయి అక్కడ చుట్టుకుంది. అదంతా పీకేశాను. తీగ తగిలించి చూస్తే అప్పటికీ తిరగలేదు. మోటారును మెల్లగా తడితే ఒక చుట్టు తిరిగి ఆగింది. నా కుట్టుమిషను మోటారు కూడా ఒకప్పుడు ఇట్లాగే చేసింది. లోపల కరెంటు అందించే కార్బను ముక్కలు అరిగిపోతే అంతే. విప్పితే అనుకున్నట్టే ఉంది.

సరుకుకు అత్తను కాపలా పెట్టి, మోటారును గుడ్డలో చుట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధారు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టాడు. పక్కన మిరపకాయల బుట్టతో కూర్చున్నామె నా చేతులు చూసింది.

"ఏం పనమ్మా, ఇంత నల్లగయినాయి?"

"బండి ఫ్యాను ఇప్పినా."

"నీవేనా? ఆడోళ్లకు ఎవురు నేర్పిస్తారమ్మా అది?"

"కుట్టుమిషను నేర్పించిందక్కా" అన్నాను. ఆమె నవ్వి, బుట్ట ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది.

బస్టాండు దగ్గర విడిభాగాల అంగడాయన మోటారును తిప్పి చూశాడు. "ఈ మాడలు ఇప్పుడు రాదక్కా. కర్నూలు నుంచి తెప్పియ్యాల. ఎల్లుండి రా."

"మోటారు వద్దన్నా. కార్బన్లు ఇయ్యి, సాలు."

"దీనివి ఇడిగా రావు."

ఆటోల సెల్ఫ్ మోటారుకు వేసేవి అద్దాల బీరువాలో కనిపించాయి. అవి అడిగాను.

"అవి పెద్దవి, పట్టవు."

"అరగదీసుకుంటా."

ఆయన నా మొహం చూసి రెండు జతలు తీశాడు. గరుకు కాగితం కూడా చించి ఇచ్చాడు. "కొస వంపు సెడగొట్టొద్దక్కా. కరెంటు పారేది ఆడే."

ఆటోలో తిరిగి వచ్చేసరికి అత్త బొరుగుల ఉగ్గాని తెప్పించి నాకోసం పొట్లం కట్టించి ఉంచింది. తినకుండానే బల్ల మీద కార్బను రుద్దడం మొదలుపెట్టాను. తొందరలో మొదటి ముక్క పలచబడి విరిగింది. మిగిలినవి నిదానంగా రుద్దాను, గూట్లో పెట్టి చూడడం, మళ్లీ రుద్దడం. బిగించేటప్పుడు స్ప్రింగు ఎగిరిపోతే అత్త మ్యాటు కింద వెతికి ఇచ్చింది. బిగించి, తీగ తగిలించి మీట తిప్పాను.

ఫ్యాను తిరిగింది. మూలలో మిగిలిన దూదంతా అత్త మొహాన కొట్టింది. ఆమె తుడుచుకోకుండా అలాగే నవ్వింది. టీ అంగడామె వచ్చి గాలికి చెయ్యి పెట్టి చూసింది. నాకు ఏడుపొచ్చినట్టయింది, దాచుకోవడానికి ఉగ్గాని పొట్లం విప్పాను.

మూడింటికి పెళ్లింటి ముందు బండి ఆపాను. మగపెళ్లివాళ్ల బస్సు ఇంకా రాలేదు. ఈరన్న టార్పాలిను ఎత్తి, పరుపు మీద అరచెయ్యి అదిమి చూసుకున్నాడు. "సుక్క తడి లేదు" అన్నాడు.

అత్త గొంతు సవరించుకుంది. "నడిపింది నా కోడలే. దారిలో చెడిపోతే బాగు చేసింది కూడా నా కోడలే." వంటవాళ్లకూ, పందిరి వేసేవాళ్లకూ అదే చెప్పింది. నేను ఆపలేదు, నాకూ వినాలనే ఉంది. జొన్నరొట్టె, పప్పు పెట్టారు. పెళ్లికూతురు గోరింటాకు చేతులతో వచ్చి నా మసి చేతులు చూసి, "ఎంత కడిగినా పోలేదా అక్కా?" అంది. నీ గోరింటాకులాగే ఇదీ పెళ్లయ్యేదాకా ఉండనీలే అన్నాను.

పొద్దు వాలుతుండగా తిరుగు దారి పట్టాం. వాన వెలిసింది. తడిసిన పత్తిచేల మీద ఎర్రటి ఎండ పడుతోంది. అద్దం తేటగా ఉంది. ఈ దారిన ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు తీసుకుపోతేనే పోయాను. ఇవాళ నేను తీసుకుపోయాను, నేనే తీసుకొస్తున్నాను. ఇక ఫ్యానుతో పనిలేదని మీట మీద చెయ్యి వేశాను. అత్త కళ్లు మూసుకునే, "ఉండనీ మే, వెచ్చగుంది" అంది.

ఆదోని దాకా ఆపలేదు.