గోడవైపు తిప్పిన కుర్చీ

ఫౌజులో ఉన్నన్నాళ్లూ మేం మందుగుండుకంటే డాక్టరు పెన్నుకే ఎక్కువ భయపడ్డాం. ఏటేటా జరిగే వైద్య పరీక్షలో ఏదో లోపం ఉందని ఆ పెన్ను రాసిందంటే మన ఆరోగ్య కేటగిరీ తగ్గుతుంది. కేటగిరీ తగ్గితే ప్రమోషన్ ఆగుతుంది, నిన్నటిదాకా పక్క మంచం మీద పడుకున్నవాడే 'మరీజ్', అంటే రోగిష్టి, అని పిలవడం మొదలుపెడతాడు. అందుకే మోకాలు వాచినా, నడుం పట్టేసినా, చెవిలో జోరీగ దూరినట్టు మోత పెట్టినా మా అందరి జవాబూ ఒకటే, బాగానే ఉన్నానని: "ఠీక్ హూఁ సాబ్." నేను ఫిరంగి దళంలో ఇరవై ఏళ్లు దాటి పనిచేశాను. మేం తోపు అనే ఫిరంగి పక్కన నిలబడి చెవులు పోగొట్టుకుంటూ ఏడాదికోసారి ఆ మాట చెప్పాను. చివరికి ఇంటికి పంపేముందు కూర్చున్న మెడికల్ బోర్డుకు కూడా అదే చెప్పాను. ఇంటికొచ్చే రోజు కూడా అబద్ధం ఎందుకాడావని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. అలవాటు.

ఇప్పుడు నా కుడి చెవి లేనట్టే, ఎడమది ఉండీ లేనట్టు. వైకల్య పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంటే తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. విడుదలైన నాటికి చెవులు బాగున్నాయని మీ కాగితాలే చెబుతున్నాయి, ఈ లోపం సర్వీసువల్ల వచ్చిందనడానికి ఆధారం లేదు అని దాని సారాంశం. సంగారెడ్డిలో నాలాంటి వాళ్ల కాగితాలు చూసిపెట్టే రిటైర్డు సుబేదార్ సాబ్ ఒకాయన ఉన్నాడు. ఆయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"తమ్మీ, ఇగ నీ మాట పన్జెయ్యదు. బయటి చెవుల డాక్టర్‌తోని పూరా జాంచ్ చేయించు. ఇది తోపుల మోతకే వచ్చిందని గా డాక్టర్ సొంతంగ రాసియ్యాలె. గా కాగితం ఉంటే అప్పీలు నిలవడ్తది. లేకుంటే ఫైల్ బంద్."

అక్కడిదాకా బాగానే ఉంది. నన్ను నమిలేస్తున్నది వేరే కాగితం.

నేను ఎనిమిదేళ్లుగా బొల్లారంలో ఒక మందుల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుని. చేరేటప్పుడు వాళ్లూ చెవులు పరీక్షించారు. చెవిటివాణ్ణి గేటు దగ్గర ఎవడు పెట్టుకుంటాడు? ఆ రోజు మిషను ముందు కూర్చున్నతను నాకు ఎదురుగా కూర్చున్నాడు. బటన్ నొక్కినప్పుడల్లా అతని కుడి భుజం కొంచెం కదులుతోంది. తోపు దగ్గర ఆఫీసరు చెయ్యి చూసి పనిచేసినవాణ్ణి, ఆ మాత్రం పట్టలేనా? భుజం కదలగానే చెయ్యెత్తాను. 'వినికిడి నార్మల్' అని రాసిచ్చారు. ఇంటికొచ్చి ఈ ఘనకార్యం మా ఆవిడకు నవ్వుతూ చెప్పాను కూడా. ఆ తర్వాత ఏటా అదే ఆట, అదే గెలుపు.

సంగారెడ్డిలో చెవుల డాక్టరమ్మ రమ్మన్న రోజున ఇద్దరం పటాన్‌చెరులో బస్సెక్కాం. మా ఆవిడ ఎప్పటిలాగే నాకు ఎడమవైపు కూర్చుంది. ఆ చెవిలో పడితేనే మాట మాటని ఆమెకు తెలుసు. ఫైలు ఒళ్లో పెట్టుకుని దాని దారాన్ని విప్పుతూ కడుతూ ఉంది.

"ఉన్నదున్నట్టు చెప్పు. నీ ఫౌజీ తెలివి ఆడ చూపెట్టకు" అంది.

"నాకు తెల్వదా?" అని కసురుకున్నాను. భయమేస్తే నాకు ముందు కోపమే వస్తుంది. డాక్టరమ్మ నమ్మకపోతే ఏం చెయ్యాలన్న ఆలోచనే, పోతిరెడ్డిపల్లిలో బస్సు దిగేదాకా.

డాక్టరమ్మది చిన్న వయసే. నా సర్వీసు కాగితాలు చూసి, ఏ తోపు మీద ఎన్నాళ్లు చేశానో, చెవుల్లో దూది తప్ప ఇంకేమైనా పెట్టుకున్నామా అని అడిగి రాసుకుంది. తర్వాత ఓ అమ్మాయి నన్ను అద్దాల గదిలోకి తీసుకెళ్లింది. అక్కడి కుర్చీ గోడవైపు తిప్పి ఉంది.

"ఇట్లనే కూసోవాల్నా?" అన్నాను.

"అవును సార్. నన్ను చూడొద్దు. శబ్దం వినిపిస్తే బటన్ నొక్కండి, అంతే."

ఎనిమిదేళ్లలో మొదటిసారి నాకు చూడ్డానికి భుజం లేదు. మొదట్లో లావుపాటి శబ్దాలు కొన్ని వినిపించాయి, నొక్కాను. ఆ తర్వాత ఆగిపోయాయి. మిషన్లో ఏదో మారుస్తున్నారు కాబోలని గోడ చూస్తూ ఓపిగ్గా కూర్చున్నాను. గోడమీద సున్నం బుడిపెలు లెక్కపెట్టాను. ఎంతకీ మొదలుపెట్టరేమని విసుగొస్తుండగా భుజం మీద చెయ్యి పడింది. అయిపోయిందట.

బయట మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "గా పిల్ల మిషన్ నొక్కుతనే ఉన్నది. నీ వేలు కదుల్తలేదు" అంది. ఇన్నేళ్లు నాతో కాపురం చేసిన మనిషి, నా చెవుడు ఎంతో ఆ రోజే చూసింది. నేనూ అంతే.

డాక్టరమ్మ గ్రాఫు మా ముందు పెట్టింది. గీత కొంతదూరం బాగానే నడిచి, బావిలో పడ్డట్టు ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. "ఇది పెద్ద శబ్దాలకు దెబ్బతిన్న చెవే. కానీ ఏ శబ్దానికి దెబ్బతిన్నదో గీత చెప్పదు కదా" అంటూ ఫైలు తిరగేసింది. ఒక కాగితం దగ్గర ఆగింది. చూస్తే మా కంపెనీ రిపోర్టు. చెవుల కాగితాలన్నీ పెట్టమన్నానని మా ఆవిడ దాన్నీ పెట్టేసింది.

"ఎనిమిదేళ్ల కింద, కంపెనీలో చేరేటప్పుడు మీ వినికిడి నార్మల్ అని ఉన్నది. అంటే ఫౌజు నుంచి బాగున్న చెవులతోనే వచ్చిన్రు. చెడిపోయింది ఫ్యాక్టరీలో. దీన్ని పెట్టుకొని తోపుల వల్లనే అని నేనెట్ల రాయాలె?"

"గా కాగితం తీసెయ్యున్రి మేడమ్" అన్నాను. గొంతు పెంచాననుకుంటా, బయట కూర్చున్నవాళ్లు తొంగిచూశారు.

"చూసి చూడనట్టు రాస్తే దాన్ని డాక్టర్ అభిప్రాయం అనరు" అందామె మెల్లగా, నా ముఖం చూస్తూ, పెదాలు బాగా కదిలిస్తూ.

మా ఆవిడ నా మోచెయ్యి నొక్కింది. చెప్పేశాను. భుజం సంగతీ, ఏటేటా వేసిన నాటకమూ, అన్నీ. డాక్టరమ్మ నవ్వలేదు. "గేటు దగ్గర మీ పనేంది?" అని అడిగింది.

లారీలు రాసుకోవడం, మనుషుల్ని తనిఖీ చెయ్యడం, క్యాబిన్లో గ్యాస్ అలారం ప్యానెల్ చూడటం అని చెప్పాను.

"అది మోగితే?"

"ఎర్ర లైటు గూడ వెలుగుతది మేడమ్. చూసుకుంట."

"అటు తిరిగి ఉంటే?"

ఆమె గ్రాఫు మీద, గీత పడిపోయిన చోట, పెన్నుతో సున్నా చుట్టింది. "అలారమసోంటి సన్నటి మోత ఈడ ఉంటది" అంది. చేరేనాటి పరీక్ష ఎలా జరిగిందో నా చేత్తో రాసి సంతకం చేసిస్తే, దాన్ని జతచేసి తన అభిప్రాయం రాస్తానంది. బోర్డు ఏమంటుందో మాత్రం చెప్పలేనంది. రెండు రోజులు గడువడిగి వచ్చేశాను. రాస్తే ఆ సంగతి కంపెనీకి తెలిసి ఉద్యోగం పోతుంది. రాయకపోతే అప్పీలు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, రెండూ నేను తవ్వుకున్నవే.

మర్నాడు డ్యూటీలో ఆ ఎర్ర లైటునే చూసి చూసి మెడ పట్టేసింది. మధ్యాహ్నం ఓ ట్యాంకరు వస్తే దాని కాగితాలు చూడ్డానికి బయటికెళ్లి, క్యాబిన్‌కు వీపు పెట్టి నిలబడ్డాను. నాతో పనిచేసే ఒడిశా గార్డు నన్ను రాసుకుంటూ లోపలికి పరుగెత్తాడు. తిరిగి చూసేసరికి లైటు వెలుగుతోంది. అతను ఫోను చేశాడు. సేఫ్టీవాళ్లు అలారం పనిచేస్తుందో లేదోనని పరీక్షిస్తున్నారట, గ్యాసేమీ లేదు.

"చాచా, సునాయీ నహీ దియా?" వినిపించలేదా అని అడిగాడు.

"సునా, సునా. ఠీక్ హై" అన్నాను, విన్నానన్నట్టు.

ఆ మాట నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో చూసి నాకే భయమేసింది. లోపల షిఫ్టులో ఎంతమంది ఉన్నారో రిజిస్టర్లో నా చేత్తోనే రాశాను ఆ పొద్దున. వాళ్లందరి తరఫునా నేను వింటున్నానని కంపెనీ అనుకుంటోంది. ట్యాంకరును పంపేసి, తెల్లకాగితం తీసుకుని, క్యాబిన్లోనే కూర్చుని అంతా రాశాను. ఒక కాపీ డాక్టరమ్మకు ఉంచి, ఇంకోటి సేఫ్టీ ఆఫీసరుకు ఇచ్చాను. ఆయన చదివి, యూనిఫాం వదిలి ఇంటికి వెళ్లమన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వారం తర్వాత డాక్టరమ్మ కాగితం చేతికొచ్చింది. కంపెనీ రిపోర్టును ఎందుకు నమ్మకూడదో మొదట రాసి, ఈ వినికిడి లోపం తోపుల మోతవల్లే వచ్చి ఉండే అవకాశం ఎక్కువని కింద తేల్చింది. సుబేదార్ సాబ్ దాన్ని అప్పీలుకు కుట్టి పంపించాడు. మళ్లీ మెడికల్ బోర్డు ముందుకు రమ్మని పిలుపొచ్చింది. ఉద్యోగం సంగతి కంపెనీ ఇంకా ఏమీ తేల్చలేదు. తపాలా మనిషి బండి మా వీధిలో ఆగితే చాలు, గుమ్మంలోకి వెళ్లి నిలబడతాను.

బోర్డువాళ్లు మొదట అడిగేది ఎలా ఉన్నావన్న ఒక్క ప్రశ్నే, నాకు తెలుసు. అందుకని మా ఆవిడ రోజూ పొద్దున నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తనకు వచ్చిన నాలుగు హిందీ మాటలతో ఆఫీసరై ఎదురుగా నిలబడుతోంది.

"కైసే హో?" అంటుంది.

"ఠీక్ హూఁ సాబ్" అంటాను, లేచి నిలబడి.

ఆమె నెత్తి కొట్టుకుంటుంది. నేను మళ్లీ కూర్చుని, ఇంకోసారి అడుగు అంటాను.